నాలుగో అంతస్తులో జున్నుకి ఒక్క చోటు చూపించండి

ప్రశ్న: మేం నిజాంపేటలో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాం. మూడు వారాల కిందట షిట్జు జాతి కుక్కపిల్లను తెచ్చుకున్నాం. ఆడపిల్ల, పేరు జున్ను. ఇప్పుడు దానికి మూడు నెలలు, ఇంకో టీకా వేయించాలి. నేనూ మావారూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తాం, వారంలో మూడు రోజులు ఆఫీసుకు వెళ్లక తప్పదు. ఇంట్లో మా అత్తగారు, తొమ్మిదేళ్ల బాబు ఉంటారు. జున్ను హాల్లో, డోర్‌మ్యాట్ల మీద, ఒకసారి పూజగది గుమ్మం ముందు కూడా మూత్రం పోసింది. మూత్రం పోయడానికి నేల మీద పరిచే ట్రైనింగ్ ప్యాడ్లు కొంటే ఒకరోజు వాటి మీద పోస్తుంది, మర్నాడు వాటిని చింపి ఆడుకుంటుంది. కిందికి తీసుకెళ్తే అరగంట తిరిగి ఏమీ చెయ్యకుండా వచ్చి, తలుపు తీయగానే హాల్లో కానిచ్చేస్తుంది. మావారు కోపంతో దాని ముక్కు అక్కడ రాసి రెండు దెబ్బలు వేశారు. అప్పట్నుంచి సోఫా వెనక్కి పోయి పోస్తోంది. అత్తగారు తిరిగి ఇచ్చేయమంటున్నారు. లిఫ్ట్‌లో తీసుకెళ్లొద్దని అసోసియేషన్ వాళ్లు అంటున్నారు. చిన్న జాతి కుక్కలు ఇవన్నీ నేర్చుకోవనీ, నీళ్లు తగ్గించమనీ పక్క ఫ్లాట్ వాళ్లు చెబుతున్నారు. నిజమేనా? ఎన్నాళ్లు పడుతుంది?

– ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు: తిరిగి ఇచ్చేసే ఆలోచన ముందు పక్కన పెట్టండి. మూడు నెలల పిల్ల ఇంట్లో మూత్రం పోయడం జబ్బు కాదు, పొగరూ కాదు. దాని వయసు అంత. కుక్కపిల్లలకు మూత్రం ఆపుకునే పట్టు 12 వారాలు దాటాకే మెల్లగా మొదలవుతుంది. జున్ను ఇప్పుడిప్పుడే ఆ వయసుకు వచ్చింది. ఏడాది నిండని బిడ్డ పక్క తడిపితే మనం బిడ్డను తిట్టం కదా, దీన్నీ అలాగే చూడాలి.

మీ ఉత్తరంలో నాకు కనిపించిన అసలు చిక్కు వేరే ఉంది. మూడు వారాల్లో జున్నుకు మీ ఇంట్లో ఒకరు ప్యాడ్ చూపించారు, ఒకరు కిందికి తీసుకెళ్లారు, ఒకరు కొట్టారు. ఎక్కడ పోయాలో మాత్రం ఎవరూ ఒకే మాట మీద ఉండి చెప్పలేదు. పిల్లకు నేర్పడం కన్నా ముందు ఇంట్లో పెద్దలు ముగ్గురూ కూర్చుని ఒక చోటు, ఒక వేళ, ఒక పద్ధతి అనుకోవాలి. ఆ మాట కుదిరితే సగం పని అయిపోయినట్టే. తక్కినదంతా ఓపిక.

చిన్న జాతులు నేర్చుకోవన్న మాట నిజం కాదు. ఆలస్యంగా నేర్చుకుంటాయన్నది మాత్రం నిజమే, దానికి కారణాలున్నాయి. మూత్రాశయం చిన్నది, కాబట్టి తరచూ పోయాలి. వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే పిల్ల అన్ని గంటలు ఆపుకోగలదని ఒక లెక్క చెబుతుంటారు. ఆ లెక్కన జున్ను 4 గంటలు ఆగాలి. కానీ అది నిద్రపోతున్న పిల్లకు, అదీ కాస్త పెద్ద జాతి పిల్లకు సరిపోయే లెక్క. మెలకువగా ఉండి ఇల్లంతా పరుగెత్తే షిట్జు పిల్లకు గంట కూడా ఎక్కువే. ఇంకో కారణం మన చేతుల్లోనే ఉంది. లాబ్రడార్ పిల్ల హాల్లో పోస్తే చిన్న చెరువవుతుంది, ఇంటిల్లిపాదీ కదులుతారు. షిట్జు పిల్ల పోస్తే అరచేయంత మడుగు, ఎవరో ఒకరు టిష్యూతో తుడిచేసి వెళ్లిపోతారు. సోఫా వెనక పోస్తే సాయంత్రం దాకా ఎవరికీ తెలియదు. అలా చూసీచూడనట్టు వదిలేసిన కొద్దీ దానికి అదే అలవాటవుతుంది. పైగా చిన్న కుక్కను ఎప్పుడూ ఎత్తుకునే తిప్పుతాం. ఎత్తుకుని బాల్కనీకి, ఎత్తుకుని లిఫ్ట్‌కు. తన కాళ్లతో నడిచి వెళ్లని దారి దానికి ఎలా గుర్తుంటుంది? రెండు కిలోల పిల్లకు మీ హాల్ ఒక పెద్ద మైదానం. అవతలి చివర బాల్కనీ ఉందన్న సంగతి అవసరం ముంచుకొచ్చిన క్షణంలో దానికి తట్టదు.

ఇక చోటు సంగతి. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే డబ్బు పెట్టి ప్యాడ్లు కొన్నా ఫలితం రాకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. కుక్కపిల్లలు 3 వారాల వయసులోనే పడుకునే చోటు వదిలి కాస్త ఎడంగా పోయి కానివ్వడం మొదలుపెడతాయి. 8, 9 వారాలు వచ్చేసరికి కాళ్ల కింద ఏ రకం నేల తగిలితే అక్కడ పోయాలో వాటికి ఒక ఇష్టం ఏర్పడుతుంది. గడ్డిలో పెరిగినది గడ్డిని వెతుక్కుంటుంది. బోనులో పాత గుడ్డల మీద, పేపర్ల మీద పెరిగినది వాటినే వెతుక్కుంటుంది. ఇప్పుడు మీ ఇంట్లో చూడండి. ప్యాడ్ మెత్తగా, గుడ్డలా ఉంటుంది, తడి పీల్చుకుంటుంది. డోర్‌మ్యాట్ కూడా అంతే. బాత్‌రూమ్ ముందు వేసే పట్టా కూడా అంతే. జున్ను కాళ్లకు ఈ మూడింటికీ తేడా తెలియదు. డోర్‌మ్యాట్ మీద పోసినప్పుడు అది తప్పు చెయ్యడం లేదు, ప్యాడ్ మీద మీరు నేర్పిన పాఠాన్నే అప్పజెబుతోంది.

అందుకని నా సలహా, ప్యాడ్లు మానేయండి. ఇంట్లో మరెక్కడా లేని రకం నేలను దానికి ఇవ్వండి. అన్నిటికన్నా గడ్డి మంచిది. బాల్కనీలోనో, వాష్ ఏరియాలోనో కనీసం రెండడుగుల పొడవు, వెడల్పు ఉన్న ప్లాస్టిక్ ట్రేలో ప్లాస్టిక్ గడ్డి వేసి పెట్టండి. నర్సరీల్లో లాన్ కోసం అమ్మే పచ్చగడ్డి ముక్క తెచ్చి వేస్తే ఇంకా బాగా పట్టుబడుతుంది. దాని మీద పురుగుమందు కొట్టలేదని మాత్రం అడిగి తెచ్చుకోండి. మొదటిరోజు, జున్ను పోసిన తడి టిష్యూ ముక్కనొకదాన్ని ఆ గడ్డిలో ఉంచండి, ఆ వాసనే దానికి గుర్తు. ప్లాస్టిక్ గడ్డిని రోజూ నీళ్లతో కడగాలి. కడగని ట్రే దగ్గరికి షిట్జు రాదు, అవి శుభ్రం కోరుకునే కుక్కలు.

నెల రోజుల పాటు ఇంట్లో ఒక్క డోర్‌మ్యాట్ కూడా నేల మీద ఉండకూడదు. మన ఇళ్లలో ఇది కష్టమేనని తెలుసు, ముఖ్యంగా బాత్‌రూమ్ నుంచి తడికాళ్లతో వచ్చేవాళ్లకు. కాళ్లు తుడుచుకుని పట్టాను మళ్లీ పైన ఆరేయండి. కార్పెట్ ఉంటే చుట్టి అటక మీద పెట్టండి. ఈ ఒక్క పని చేసినా మీ సమస్య బాగా తగ్గుతుందని నమ్మకంగా చెప్పగలను.

బాల్కనీ విషయంలో ఒక జాగ్రత్త. పావురాల కోసం వల కట్టించి ఉంటారు కానీ, కింద గ్రిల్‌కూ నేలకూ మధ్య ఖాళీ ఎంతుందో ఒకసారి కూర్చుని చూడండి. రెండు కిలోల పిల్ల అందులోంచి జారిపోగలదు. ఆ సందును ముందు మూయించండి. పడమటి బాల్కనీ అయితే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం టైల్స్ కాలిపోతాయి. అరచేతి వెనకభాగం ఆనించి కొన్ని సెకన్లు ఉంచలేకపోతే జున్ను పాదాలకూ అది మంటే. అక్కడికి వెళ్తే కాలుతుందని ఒకసారి తెలిస్తే మళ్లీ ఆ వైపు రాదు. నీడ పట్టు చూసి ట్రే పెట్టండి.

ఇక వేళలు. పిల్ల ఎప్పుడు పోస్తుందో ఊహించడం కష్టం కాదు. నిద్ర లేవగానే పోస్తుంది. తిన్నాక అయిదు నిమిషాల నుంచి అరగంటలోపు పోస్తుంది. ఆడుతూ ఆడుతూ మధ్యలో ఆగి పోస్తుంది. బాబు స్కూలు నుంచి రాగానే సంబరంలో పోస్తుంది. నేల వాసన చూస్తూ గిరగిరా తిరిగినా, ఉన్నట్టుండి గదిలోంచి మాయమైనా వేళయిందని అర్థం. ఈ సందర్భాలన్నిటిలోనూ, ఇవేవీ లేకపోతే మెలకువగా ఉన్నంతసేపూ ముప్పావు గంటకోసారి, దాన్ని ట్రే దగ్గరికి తీసుకెళ్లండి. ఎత్తుకుని వద్దు, నడిపించండి. మరీ పరుగులాటగా ఉంటే మెడకు తేలికపాటి లీష్ (పట్టుకుని నడిపించే తాడు) వేసి నడిపించండి. అక్కడ నిలబడి ఒకే మాట అనండి, ‘సుస్సు’ అనో మరొకటో. ఇంట్లో అందరూ అదే మాట అనాలి. మీరు ఫోన్ చూసుకోకుండా, దానితో ఆడకుండా అయిదు నిమిషాలు నిలబడాలి. పోయడం పూర్తవగానే, అక్కడే, ఆ సెకనులోనే మెచ్చుకుని చిన్న ముక్క నోట్లో పెట్టాలి. ఉడికించిన చికెన్, మాంసం వండని ఇల్లైతే పనీర్, ఏదైనా శనగగింజలో సగమంత చాలు. లోపలికి వచ్చాక వంటింట్లో డబ్బా తీసి పెడితే, వంటింట్లోకి వచ్చినందుకు పెట్టారనుకుంటుంది.

అయిదు నిమిషాల్లో పోయకపోతే? అప్పుడు దాన్ని హాల్లో స్వేచ్ఛగా వదలకండి. ఒళ్లో పెట్టుకోండి, లేదా లీష్ మీ నడుముకు కట్టుకోండి. పది పదిహేను నిమిషాలాగి మళ్లీ తీసుకెళ్లండి. పోసిన తర్వాతే ఆటకు వదలాలి. ‘ముందు సుస్సు, తర్వాత ఆట’ అన్న వరస దానికి ఎక్కిందంటే మీరు గట్టెక్కినట్టే.

కింద అరగంట తిరిగి ఏమీ చెయ్యకపోవడానికి కూడా కారణం ఉంది. సెల్లార్‌లో కార్లు, బయట బండ్లు, వీధి కుక్కల వాసనలు, వాచ్‌మన్ పిల్లలు. అన్నీ కొత్త. అంత హడావిడిలో మూడు నెలల పిల్లకు మూత్రం సంగతే గుర్తుండదు. తీరా ఇంటికి వచ్చి ఊపిరి పీల్చుకున్నాక గుర్తొస్తుంది. అప్పుడప్పుడు బయట పోసి ఉంటే మీరు వెంటనే ‘హమ్మయ్య’ అనుకుని పైకి తెచ్చేసి ఉంటారు. అలా జరిగితే, పోయగానే షికారు అయిపోతుందని అది గ్రహించి ఆపుకోవడం మొదలుపెడుతుంది.

అయినా ఇప్పుడే దాన్ని కింద నేల మీద దించొద్దు. ఇంకో టీకా ఉందన్నారు. కుక్కపిల్లలకు ఆరెనిమిది వారాలకు మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున 16 వారాల దాకా టీకాలు సాగాలి. ఆఖరిది వేయించాక కూడా ఒకటి రెండు వారాలు ఆగాలి. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, వాంతులు, రక్త విరేచనాలతో పిల్లల ప్రాణం మీదకి తెస్తుంది. వీధి కుక్కలు తిరిగే సెల్లార్‌లో, ఖాళీ స్థలాల్లో ఆ ముప్పు ఎక్కువ. అందాకా చంకన పెట్టుకుని కిందికి తీసుకెళ్లి ఆ చప్పుళ్లు, మనుషులు అలవాటయ్యేలా చూపించండి, దించకుండా తీసుకురండి. టీకాలు పూర్తయ్యాక కింద గడ్డిలో దించితే, కాళ్లకు తెలిసిన నేలే కాబట్టి త్వరగా అలవాటు పడుతుంది. ప్యాడ్ కన్నా గడ్డి మేలనడానికి ఇది ఇంకో కారణం.

కిందికి తీసుకెళ్లడం మొదలయ్యాక కూడా బాల్కనీ ట్రే తియ్యొద్దని నా అభిప్రాయం. ‘ఇంట్లో ట్రే ఉంటే ట్రైనింగ్ అయినట్టు కాదు’ అని కొందరంటారు. నేను ఒప్పుకోను. హైదరాబాద్‌లో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు. షిట్జు పొట్ట నేలకు బెత్తెడు ఎత్తులో ఉంటుంది, తడిగడ్డిలోకి అడుగు పెట్టమంటే పెట్టదు. ఎండాకాలం పగలు దాన్ని రోడ్డు మీద నడిపించకూడదు, ముక్కు చప్పిడిగా ఉండే జాతి కాబట్టి వేడికి ఊపిరి అందదు. వినాయక చవితి రోజుల్లో డీజే మోతలకు, దీపావళికి టపాసులకు కొన్ని కుక్కలు గుమ్మం దాటవు. అలాంటి రోజుల్లో మీ అత్తగారు దాన్ని పట్టుకుని లిఫ్ట్ కోసం నిలబడే అవసరం లేకుండా, ఇంట్లోనే ఒక చోటుండడం మంచిదే.

మీవారితో మాట్లాడండి. ఆయన చెడ్డవారని నేననుకోవడం లేదు, చాలామంది చిన్నప్పుడు చూసిందే చేస్తారు. కానీ ముక్కు రాయడం, కొట్టడం ఈ రోజే ఆగిపోవాలి. పోసి వెళ్లిపోయిన రెండు నిమిషాలకు కొడితే, ఆ దెబ్బ దేనికో పిల్లకు తెలియదు. పోస్తుండగా కొడితే ఇంకా నష్టం: ‘మనుషుల ముందు పోస్తే దెబ్బలు పడతాయి’ అని నేర్చుకుంటుంది. సోఫా వెనక్కి పోవడం అందుకే. రేపు మీరు ట్రే దగ్గర పక్కన నిలబడితే కూడా పోయదు, మీరు ఎప్పుడు వెళ్తారా అని చూస్తుంది. కాబట్టి కొట్టడం వల్ల అలవాటు వెనక్కి పోయింది. ‘తప్పు చేసినట్టు మొహం పెడుతుంది కదా, దానికి తెలుసు’ అంటారేమో. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే అమెరికా పరిశోధకురాలు ఈ సంగతే పరీక్షించి చూశారు. కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదానితో ఆ మొహానికి సంబంధం లేదని, యజమాని తిట్టినప్పుడే అది అలా మొహం పెడుతుందని తేలింది. చెవులు వాల్చి, తోక ముడిచి, చూపు తిప్పుకునే ఆ మొహం భయం, పశ్చాత్తాపం కాదు.

పోస్తుండగా కంటబడితే మెల్లగా ‘అరె’ అని, గబుక్కున ఎత్తి ట్రేలో దించండి. ఈ ఒక్క సందర్భంలో ఎత్తుకోవచ్చు. మిగిలింది అక్కడ పోస్తే మెచ్చుకోండి. పోసేశాక చూస్తే ఏమీ అనకుండా తుడవండి.

తుడవడంలో మనం చేసే పనులు కొన్ని తెలియకుండానే కీడు చేస్తాయి. పనావిడ వచ్చి ఫినాయిల్ బకెట్‌లో మాప్ ముంచి, ఆ మడుగు మీదుగా లాగి, అదే మాప్‌తో హాలంతా తుడుస్తుంది. దాంతో మూత్రం వాసన పలచగా హాలంతా పరుచుకుంటుంది. మన ముక్కుకు ఫినాయిలే తెలుస్తుంది, జున్ను ముక్కుకు కిందున్న మూత్రం తెలుస్తూనే ఉంటుంది. అది ఫినాయిల్ నేల మీద నడిచి పాదాలు నాకుతుంది, అదీ మంచిది కాదు. ముందు పేపర్‌తో, టిష్యూతో అద్ది తడి మొత్తం పీల్చండి. తర్వాత పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ చల్లి, డబ్బా మీద రాసినంతసేపు ఉంచి తుడవండి. అది మూత్రంలోని పదార్థాలను విడగొట్టేస్తుంది, వాసనను కప్పిపెట్టదు. అందుబాటులో లేకపోతే తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి వాడొచ్చు. కానీ మీ ఇంట్లో మార్బుల్ గానీ తాండూరు బండలు గానీ ఉంటే వెనిగర్ వద్దు, రెండూ సున్నపు జాతి రాళ్లే, మచ్చలు పడతాయి. విట్రిఫైడ్ టైల్స్ అయితే సందుల్లోకి తడి దిగుతుంది, అక్కడ పాత బ్రష్‌తో రుద్దాలి. బ్లీచింగ్ వాడకండి. మూత్రంతో కలిసినా, వెనిగర్‌తో కలిసినా విషవాయువు వస్తుంది. సోఫా వెనక భాగం, పూజగది గుమ్మం, డోర్‌మ్యాట్లు ఉండే చోట్లు ఈ వారమే ఒకసారి పూర్తిగా ఇలా శుభ్రం చేయించండి. పోసిన డోర్‌మ్యాట్లు ఉతికినా వాసన పోదు, పారేయండి.

ఇప్పుడు మీ అత్తగారు. ఆవిడ కోపం న్యాయమైనదే. పూజగది ముందు అలా జరిగితే ఎవరికైనా బాధే. మొదట అక్కడ చిన్నపిల్లలకు పెట్టే అడ్డుగేటు పెట్టించండి, అది రేపే చెయ్యండి. తన మడి, పూజ దెబ్బతినవని తెలిస్తే ఆవిడ మనసు కాస్త కుదుటపడుతుంది. నిజానికి జున్నుకు మీ ఇంట్లో అందరికన్నా మంచి గురువు ఆవిడే కాగలరు. పొద్దున్నే లేస్తారు, రోజంతా ఇంట్లో ఉంటారు, ఆవిడ దినచర్య గడియారం ప్రకారం నడుస్తుంది. కుక్కపిల్లకు కావాల్సింది అదే. ఆజ్ఞలా కాకుండా, ‘అత్తయ్యా, మీరు నేర్పితేనే వస్తుంది’ అని అడగండి. వంగి తుడిచే పని ఆవిడకు వద్దు. ట్రే దగ్గరికి నడిపించి, ఆ మాట అని, ముక్క పెట్టడం ఆవిడ చేస్తే చాలు. బాబుకు సాయంత్రం ఒకటి రెండుసార్లు ఆ పని ఇవ్వండి, కానీ తొమ్మిదేళ్ల పిల్లాడి మీద బాధ్యత పెట్టకండి. మరిచిపోయాడని వాణ్ణి తిట్టడం, ఆ చిరాకు కుక్క మీదకు మళ్లడం, అదంతా మంచిది కాదు.

తిండి వేళ తప్పితే విసర్జన వేళా తప్పుతుంది. గిన్నెలో రోజంతా తిండి ఉంచకండి. ఈ వయసులో రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా, నాలుగు నెలలు దాటాక మూడుసార్లు, ఆరు నెలల తర్వాత రెండుసార్లు పెట్టాలి. పావుగంట ఉంచి గిన్నె తీసేయండి. మధ్యలో బిస్కెట్లు, పాలు వద్దని అందరికీ చెప్పండి. పాలు చాలా పిల్లలకు పడవు, విరేచనాలు పట్టుకుంటే ఏ ట్రైనింగూ నిలవదు. అలాగని ఇంత చిన్న పిల్లను పస్తు ఉంచకూడదు. చిన్న జాతుల్లో ఆకలికి రక్తంలో చక్కెర పడిపోయి ఒళ్లు తూలిపోతుంది.

నీళ్లు తగ్గించమన్న సలహా అస్సలు పాటించకండి. మన ఎండలకు అది ప్రమాదం. నీళ్లు తక్కువైతే మూత్రం చిక్కబడి ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. పడుకునే ముందు ఒక గంట గిన్నె తీసి పెట్టొచ్చు, అదీ ఎండాకాలం కాకపోతేనే. రాత్రి దాని పక్కను మీ మంచం దగ్గరే ఉంచుకోండి, కదిలినా కుయ్యిమన్నా మీకు తెలుస్తుంది. ఇంకొన్ని వారాలు నడిరాత్రి ఒకసారి లేవాల్సిందే. లైట్లు వేయకుండా, మాటలు లేకుండా ట్రే దగ్గరికి తీసుకెళ్లి వచ్చి పడుకోబెట్టండి.

మీరు ఆఫీసుకు వెళ్లే రోజుల్లో, అత్తగారికి కునుకు పట్టే వేళల్లో జున్నును ఇల్లంతా తిరగనివ్వకండి. వాష్ ఏరియాలో గాలి, నీడ ఉంటే ఇనుప కంచె కట్టి, ఒక చివర పక్క, నీళ్లు, ఇంకో చివర గడ్డి ట్రే పెట్టండి. క్రేట్ (కుక్కను పడుకోబెట్టే చిన్న బోను) వాడాలంటే లేచి నిలబడి, తిరిగి, కాళ్లు చాపుకునేంత చాలు. పెద్దదైతే ఒక మూల పోసి ఇంకో మూల పడుకుంటుంది. బోనులో మలమూత్రాల మధ్యే పెరిగిన పిల్ల క్రేట్‌లోనే పోసేస్తుంటుంది. అలా జరిగితే క్రేట్ పక్కన పెట్టి కంచె పద్ధతిలోనే ఉండండి.

మీరు ఆఫీసు నుంచి రాగానే కాళ్ల దగ్గర రెండు చుక్కలు పడితే అది వేరే సంగతి. ఆనందంతోనో బెరుకుతోనో అలా జరుగుతుంది. దాని మీదకు వంగకుండా, పలకరించకుండా నేరుగా ట్రే వైపు నడవండి, కాసేపాగి కూర్చుని ముద్దు చెయ్యండి. పెద్దయ్యాక చాలావరకు పోతుంది.

అసోసియేషన్ వాళ్లకు గొడవ పడకుండానే చెప్పొచ్చు. పెంపుడు కుక్కలను నిషేధించడం గానీ లిఫ్ట్ వాడనివ్వకపోవడం గానీ కుదరదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం కన్నా ముందు మీ చేతిలో పేపరు, కవరు కనిపిస్తే వాళ్లు సగం మెత్తబడతారు. లిఫ్ట్‌లో చంకన పెట్టుకోండి, ఎక్కడైనా పోస్తే మీరే శుభ్రం చెయ్యండి. మూడు నెలలు నిండాయి కాబట్టి రేబిస్ టీకా వేయించి, మీ మున్సిపల్ కార్పొరేషన్ లైసెన్స్ తీసుకోండి. ఆ సర్టిఫికెట్ చూపిస్తే పిల్లలున్న ఇళ్లవాళ్లకు భయం తగ్గుతుంది.

ఎన్నాళ్లు అంటే, ఈ పద్ధతి అందరూ పాటిస్తే రెండు మూడు వారాల్లోనే తేడా కనిపిస్తుంది. నమ్మకంగా వదలడానికి ఆరు నెలల వయసు రావాలి, షిట్జుకు ఏడాది పట్టినా ఆశ్చర్యపోకండి. ఒక గదిలో మూడు వారాలు తప్పు జరగకపోతేనే ఇంకో గది తలుపు తెరవండి. ఆరేడు నెలలప్పుడు, మొదటిసారి ఎదకు వచ్చే ముందు మళ్లీ తరచూ పోయడం మొదలుపెట్టొచ్చు. అప్పుడు కంగారుపడకుండా కొన్నాళ్లు పాత వేళలకు తిరిగి వెళ్లండి. జున్నుకు పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో డాక్టర్‌ను అప్పుడే అడగండి.

ఇవన్నీ చేస్తున్నా పది నిమిషాలకోసారి చుక్కలు చుక్కలుగా పోస్తుంటే, పోసేటప్పుడు కుయ్యిమంటుంటే, మూత్రంలో ఎరుపు కనిపిస్తే, నిద్రలో పక్క తడుస్తుంటే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ఆడ కుక్కపిల్లల్లో ఇది తరచూ చూస్తుంటాం. అలాంటప్పుడు ట్రైనింగ్ అంటూ వారాలు గడపకండి. మీ డాక్టర్ గానీ, నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాల గానీ, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి గానీ చూస్తారు. మిగిలిన టీకా కోసం ఎలాగూ వెళ్తారు కాబట్టి ఆ పొద్దున శుభ్రమైన డబ్బాలో కొంచెం మూత్రం, ఇంకో దాంట్లో కొంచెం మలం పట్టుకెళ్లి పరీక్ష చేయించండి. నులిపురుగుల మందు ఎప్పుడెప్పుడు వేశారో అమ్మినవాళ్లను అడిగి రాసుకుని, ఆ చీటీ కూడా వెంట ఉంచుకోండి.